కాల్చిన రాళ్లు, మట్టియుండలు



చెడిన నీటిని మరగించియో, యెండలో గాచియో, కాలిన యినుపగుండునో, ఇసుకనో, మట్టిపెళ్లనో అందు ముంచియో శుద్ధిచేయవలెనని సుశ్రుతసంహిత సూత్రస్థానము 45వ అధ్యాయమున నున్నది. ఇది విని మా పొరుగింటి చెల్లెలు పులుసును కాల్చిన రాళ్లతో మరగింపదలచి, గోదావరి గులకరాళ్లను నిప్పులలో వేసినది. ఒకటి ఫటాలున బ్రద్దలై, తునుక చంటివాని యుయ్యెలప్రక్కన బడినది!

నీట నానిన రాతిలోని తేమ ఆవిరియై, వెలికి దారిలేక రాతిని బగులగొట్టును. కావున ఏటిరాయి పొయ్యికి తగదు. మంచిర్యాల వైపు దొరకు సున్నపురాయి యంతకంటెను తగదు. గట్టిగా గాలిన నది సున్నమే యగును, పులుసులో బడిన నోరు పొక్కును. మా కరీంనగరపు గుట్టల గ్రానైటు మేలు. హైదరాబాదున పత్తర్‌కా గోష్తు అట్టి పలకపైననే కాల్తురు. అదియైనను బీటలు లేనిదై, బాగుగ నారినదై యుండవలెను; సన్నసెగపై మెల్లగ కాచవలెను. వేడిరాతిపై చన్నీళ్లు చల్లరాదు.

మట్టియుండలు కుమ్మరి ఆవములో గాలినవై, మెరుగుపూత లేనివై యుండవలెను. పట్టకారుతో దీసి, బూడిద దులిపి వేయుడు. నీరు వేడెక్కిన జాలదు. కుతకుత మరగుచు ఒక నిమిషమైన నుండవలెను. ఒక యుండ చల్లారకముందే మఱియొకటి సిద్ధముగ నుంచుకొనుడు.

చెల్లెలు మిగిలిన గులకరాళ్లను తులసికోటచుట్టు బేర్చినది.