అతిథిమర్యాదయు, ఆత్మరక్షణయు

ఇంటికి ధనవంతుడు వచ్చినపుడు గృహస్థునకు రెండు ధర్మములు కలవు. ఆదరించుట మొదటిది. ఇంటి తాళపుచెవులను తన మొలనే యుంచుకొనుట రెండవది. మైక్రోసాఫ్టు కంపెనీ విషయమున హైదరాబాదు నగరము మొదటి ధర్మమును నిండుగా నెరవేర్చినది. రెండవదానిని గూర్చి యోచించువారు మనలో తక్కువ.

1998వ సంవత్సరము నవంబరులో నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపూరున సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిరి. ఆ యేడే మైక్రోసాఫ్టువారు తమ అభివృద్ధికేంద్రమును మన నగరమున నెలకొల్పిరి. నేడు గచ్చిబౌలిలోని వారి ప్రాంగణము అమెరికా వెలుపల ఆ కంపెనీకి గల పెద్ద స్థావరములలో నొకటి. బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలున చదివిన సత్య నాదెళ్లగారు 2014 ఫిబ్రవరి నుండి ఆ కంపెనీకి అధినేతలు. ఇవి యన్నియు సంతోషింపదగినవే.

కాని అదే 1998వ సంవత్సరమున మఱియొక సంగతి జరిగెను. మే నెలలో అమెరికా ప్రభుత్వమే ఆ కంపెనీపై గుత్తాధిపత్యనేరము మోపి న్యాయస్థానమున దావా వేసెను. ప్రపంచమున అత్యధిక సంఖ్యాకములగు కంప్యూటర్లు విండోసుపై నడచుచుండగా, ఆ బలముతో తన బ్రౌజరును విండోసునకే జతచేసి నెట్‌స్కేపు అను పోటీదారును అణచినదని అభియోగము. 2000 జూనులో న్యాయాధిపతి జాక్సను కంపెనీని రెండుగా చీల్చవలసినదని ఉత్తరు విచ్చెను. 2001లో అప్పీలు న్యాయస్థానము ఆ చీలికను రద్దు చేసినను, గుత్తాధిపత్యమును అక్రమమార్గములచే నిలుపుకొన్నదను నిర్ణయమును మాత్రము స్థిరపఱచెను. ఐరోపావారు 2004లో 49 కోట్ల 70 లక్షల యూరోల జుల్మానా విధించిరి. బ్రౌజరును ప్రజలే యెన్నుకొనునట్లు చేసెదనని యిచ్చిన మాట తప్పినందుకు 2013లో మఱల 56 కోట్ల 10 లక్షల యూరోలు విధించిరి.

అటుపిమ్మట ఈ కంపెనీ మారినదని పలువురు చెప్పుదురు. మారినమాట నిజము. 2001లో లైనక్సును కర్కటవ్యాధితో పోల్చినది నాటి అధినేత బామరుగారు. అదే కంపెనీ 2016లో లైనక్సు ఫౌండేషనున సభ్యత్వము పుచ్చుకొనెను. 2018లో స్వేచ్ఛాసాఫ్టువేరు వ్రాయువారి సంతవంటి గిట్‌హబ్బును 750 కోట్ల డాలర్లకు కొనుటకు ఒడబడెను. ఈ మార్పు హృదయపరివర్తనమా? సర్వర్ల వ్యాపారమున లైనక్సు గెలిచినందున గలిగిన వివేకమా? అందిన జుట్టు, అందకున్న కాళ్లు అను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు. ఫోనుల రంగమున పోటీ బలముగా నుండెను. అచట ఈ మహాకాయుడు నోకియా ఫోనుల వ్యాపారమును 2014లో కొని, మఱుసటి యేడే 760 కోట్ల డాలర్ల నష్టమును లెక్కలలో వ్రాసికొనెను. పోటీ లేనిచోట మాత్రము పాతవిద్యయే. ఆఫీసు సాఫ్టువేరునకు టీమ్సును జతగట్టి యమ్ముచున్నారని 2020లో ఒక పోటీదారు ఐరోపావారికి మొఱపెట్టుకొనగా, 2025 సెప్టెంబరులో గాని టీమ్సు లేని ఆఫీసును తక్కువ ధరకు అమ్మెదమను కట్టుబాటు కుదురలేదు. ఈ చరిత్రసారము ఒక్కటే: ఈ కంపెనీని చక్కజేసినవి ప్రార్థనలు కావు, చట్టమును పోటీయును.

ఇది దూరదేశపు వ్యాజ్యము, మనకేల యందురేమో! 2025 జూలైలో జరిగినదానిని చదువరులు జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక. గుజరాతులోని వాడినారున చమురు శుద్ధిచేయు నయారా ఎనర్జీ కంపెనీలో రష్యా కంపెనీయగు రాస్‌నెఫ్టునకు వాటా కలదు. ఐరోపావారు దానిపై ఆంక్షలు విధింపగా, మైక్రోసాఫ్టు తన సేవలను నిలిపివేసెను. ఆ యాంక్షలు మన పార్లమెంటు చేసిన చట్టము కాదు. మన న్యాయస్థానము తీర్పును కాదు. అయినను భారతదేశములోని కర్మాగారపు ఉద్యోగులు తాము రుసుము చెల్లించిన సేవలకే దూరమైరి. వారు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన పిమ్మట కొలదిదినములలో సేవలు మరల దొరకెను. నేడు చమురు కంపెనీకి వచ్చినది రేపు ఆసుపత్రికి, బ్యాంకునకు, జిల్లా కలెక్టరు కచేరికి రాదని హామీ యేది?

విమర్శకులకును మేమొక మాట చెప్పవలసియున్నది. ఆ కంపెనీని దూషించుట దేశభక్తి కాదు. వేలాది తెలుగు యువకులు అచట గౌరవముగా జీవించుచున్నారు. గుమాస్తాకు ఎక్సెలు అలవాటైనది. ఒక్కనాటిలో మార్చుమన్న కార్యము చెడును, ఖర్చును పెరుగును. స్వదేశి పేరు పెట్టుకొన్నంతమాత్రమున నాసిరకపు సరకు మేలురకము గాదు. మేము కోరునది బహిష్కారము కాదు, బేరమాడు శక్తి. బేరమాడువానికి రెండవ దుకాణము తెలిసియుండవలయును.

ఇందులకు క్రొత్త సిద్ధాంతము లక్కఱలేదు. ప్రభుత్వవ్యవహారములందు అందఱికి తెఱచియున్న ప్రమాణములనే వాడవలయునను విధానమును కేంద్రప్రభుత్వము 2010లోనే ప్రకటించెను. 2015లో స్వేచ్ఛాసాఫ్టువేరునకు ప్రాధాన్యమీయవలెనని మఱియొకటి ప్రకటించెను. 2025లో కేంద్రోద్యోగుల ఈమెయిలు మన జోహో కంపెనీ వేదికకు మాఱినది. కావున మార్పు అసాధ్యమను వాదము నిలువదు. మన రెండు తెలుగు ప్రభుత్వములు చేయవలసినవి మూడు. సాఫ్టువేరు కంపెనీలతో చేసికొన్న ఒడంబడికలను ప్రజలకు చూపవలయును. భూమిదస్తావేజులు, పాఠశాలల పట్టికలు మొదలగు రికార్డులను ఏ కంపెనీ సాయము లేకయే తెఱువగల రూపమున భద్రపఱుపవలయును. ప్రతి ముఖ్యకార్యాలయమున రెండవ మార్గమొకటి సిద్ధముగ నుంచి, ఏటనొకమారు దానిని నడిపి చూడవలయును. ఇక డిజిటలు పోటీచట్టపు ముసాయిదా 2024 మార్చిలో వెలువడినది. దానిని గూర్చి మన పార్లమెంటు సభ్యులు ఏమనుచున్నారో వోటర్లు అడుగవలయును. అడగనిదే అమ్మయినను పెట్టదు.

తుదకు మన యింజనీర్లకు ఒక మనవి. విండోసును నిర్మించుటలో మీ చేయి కలదు. అట్టి చేయి తెలుగు కచేరికి, తెలుగు బడికి పనికివచ్చు సాఫ్టువేరును వ్రాయలేదా? హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థవారు స్వేచ్ఛాసాఫ్టువేరును తెలుగువారికి చేర్పవలెనని సంవత్సరములుగా పాటుపడుచున్నారు. వారికి వారమున ఒక సాయంకాలమైన నొసగుడు. పరులకడ నౌకరి చేయుట అవమానము కాదు. నేర్చిన విద్య తన యూరికి అక్కఱకు రాకపోవుటయే అవమానము.