ఆపడం కూడా విద్యే

యంత్రాన్ని నడిపేవాడికి మెప్పు దొరుకుతుంది. సవ్యంగా ఆపేవాణ్ణి ఎవరూ గమనించరు. మన సైన్సు చదువులోనూ ఈ లోపం ఉందని నా అభిప్రాయం. ఇందుకు హామ్ రేడియోనే ఉదాహరణగా తీసుకుంటాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. అప్పుడు కబుర్లు చేరవేసినవారిలో హామ్ రేడియో ఔత్సాహికులూ ఉన్నారు. మా రంపచోడవరం కొండల్లో గాలివాన వస్తే చెట్లు కూలతాయి, కరెంటు పోతుంది, వాగు పొంగితే దారి తెగుతుంది. అలాంటిచోట బ్యాటరీమీద నడిచే రేడియో, దానికి తగిలించిన చిన్న కంప్యూటరు సరదా వస్తువులు కావు. బ్యాటరీ పొదుపుకోసం వాటిని మాటిమాటికీ ఆపి, మళ్లీ వెయ్యాలి. ఆపినప్పుడల్లా కంప్యూటరు కూలిపోతే అందిన కబురు కూడా పోవచ్చు.

రేడియోమీద అక్షరాలు పంపడానికి ఏ.ఎక్స్.25 అనే పద్ధతి ఉంది. దాన్ని లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలోనూ ఇమిడ్చారు. చిక్కల్లా ఆపేటప్పుడే వచ్చింది. రేడియో ఇంటర్‌ఫేసును మూసెయ్యమనగానే సిస్టం బిగుసుకుపోవడమో, కుప్పకూలడమో జరిగేది.

కారణం రైతుకి తెలిసిన లెక్కే. కళ్లం దగ్గర గోనెసంచులు అరువిస్తే గోడమీద గీత గీస్తాం, తిరిగొస్తే చెరిపేస్తాం. గీతలన్నీ చెరిగాకే కొట్టుకి తాళం వేస్తాం. ఇంటర్‌ఫేసును ఎందరు వాడుతున్నారో కెర్నెల్ కూడా అలాగే లెక్క పెట్టుకుంటుంది. ఒక గీత చెరపడం మరిచిందా, ఎవరో మిగిలారనుకుని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. గీయని గీత లెక్కన వేరేవాడి గీత చెరిపిందా, మనిషి లోపలుండగానే తాళం పడుతుంది. 2024లో దిద్దిన తప్పొకటి ఈ రెండో రకమే. బయటినుంచి వచ్చిన పిలుపును అందుకున్నప్పుడు లెక్కలో కలపలేదు, అది ముగిసినప్పుడు మాత్రం తీసేసేది.

వాడేవాళ్లు తక్కువైనచోట ఇలాంటి తప్పులు త్వరగా బయటపడవు. నలుగురూ నడవని దారిలో గుంత ఎవరికి కనిపిస్తుంది? మా కొండదారుల సంగతీ ఇంతే కదా!

కనుక మిత్రులారా, వాడదాం, పరీక్షిద్దాం. ముందు ఆ ఇంటర్‌ఫేసును వాడుతున్న ప్రోగ్రాముల్ని ఆపాలి. తర్వాత ఇంటర్‌ఫేసును మూయాలి. ఆ తర్వాతే తీగ పీకాలి. అయినా కూలితే, స్విచ్చి నొక్కేసి ఊరుకోకుండా తెరమీద పడిన వరసలు, కెర్నెల్ వెర్షను నంబరు రాసుకోవాలి. పాత వెర్షనులో ఆ తప్పు లేకపోతే, మధ్యలో ఏం మారిందో అక్కడ వెతకొచ్చు. రాసుకున్నది దిద్దేవాళ్లకి పంపితే మన పని వృథా పోదు.

హామ్ లైసెన్సుకి కేంద్రప్రభుత్వం పరీక్ష పెడుతుంది. మన ఫిజిక్సు, కంప్యూటరు విద్యార్థులు కలిసి దానికి కూర్చోవాలి. లెక్చరర్లకూ ఒక మనవి. మా ప్రాక్టికల్ రికార్డుల్లో పరికరాన్ని ఎలా మొదలుపెట్టామో రాయిస్తున్నారు. ఎలా ఆపామో, ఆపితే ఏమైందో కూడా ఒక పేజీ రాయించండి. ఆ అలవాటు పరీక్షలో మార్కులకి పనికి రాకపోయినా, దారులు తెగిన రాత్రి మా ఊళ్లకి పనికొస్తుంది.