చుక్కలు లెక్కపెట్టుట వ్యర్థమా?

"చుక్కలు లెక్కపెట్టుచున్నాఁడు" అను మాటను మనవారు పనిలేనివానిని గూర్చి వాడుదురు. పరీక్షల కాలమున బాలుఁడు మేడ యెక్కి యాకాశమును జూచుచున్నచోఁ దల్లిదండ్రులు మందలించుట సహజమే. అయినను, ఒక్క చుక్కను క్రమము తప్పక చూచుట విద్యలో భాగమే యని మా యభిప్రాయము.

శ్రవణ నక్షత్రము మన పంచాంగములలోఁ బ్రసిద్ధము. దానికి దక్షిణముగా సుమారు 8 డిగ్రీల దూరమున, అనఁగాఁ జేయి చాఁచి పట్టిన పిడికిలి వెడల్పుకంటెఁ గొంచెము తక్కువలో, గరుడ మండలమందలి ఈటా యను చుక్క యున్నది. 1784వ సంవత్సరమున ఇంగ్లండులోని యార్కు నగరమున ఎడ్వర్డు పిగట్ దీని వెలుఁగు మాఱుచున్నదని కనిపెట్టెను. ఆ యేఁటనే యతని మిత్రుఁడు జాన్ గుడ్‌రిక్ సిఫియసు మండలమున నిట్టి మఱియొక చుక్కను గనుఁగొనెను. గుడ్‌రిక్ చెవిటివాఁడు; 21 ఏండ్లకే, 1786లో, మరణించెను.

ఈటా వెలుఁగు 7 దినముల 4 గంటల కొకసారి హెచ్చి తగ్గును. ఆ చుక్క యుబ్బుచుఁ గుంచించుకొనుచు నుండుటయే దీనికిఁ గారణము. వెలుఁగు హెచ్చినపుడు దాని పైభాగము వేఁడెక్కి, లేఁత పసుపు కలిసిన తెల్లదనము పొందును. తగ్గినపుడు చల్లఁబడి పసుపెక్కును. అందుచేతనే నీలపు గాజు నడ్డముపెట్టి తీసిన ఛాయాచిత్రములలో నీ హెచ్చుతగ్గులు, ఎఱ్ఱగాజుతోఁ దీసినవానిలోకంటె నధికముగాఁ గానవచ్చును.

ఇట్టి చుక్కలలోఁ గాలము దీర్ఘమైనకొలఁది వెలుఁగు హెచ్చని హెన్రియెట్టా లీవిట్ అను విదుషి 1912లోఁ జిన్న మెగెల్లాను మేఘమందలి 25 చుక్కలను బరిశీలించి చూపెను. చిన్నగంటకంటెఁ బెద్దగంట గంభీరముగా మ్రోగినట్లే, పెద్దచుక్క మెల్లగా స్పందించును. సామాన్యముగా దాని రంగును ఎఱుపువైపు మొగ్గును. కావునఁ గాలమునుబట్టి నిజమైన వెలుఁగును, సహజమైన రంగును ఊహింపవచ్చును. కనఁబడు రంగు అంతకంటె నెఱ్ఱగా నున్నచో, నడుమ ధూళి యడ్డుచున్నదని యర్థము. ఆ ధూళిని లెక్కింపనివానికిఁ జుక్క యున్నచోటికంటె దూరముగాఁ దోఁచును.

"దూరదర్శిని లేక యిది యెట్లు?" అని కొంద ఱనవచ్చును. రంగు మార్పు కంటికి స్పష్టముగాఁ దెలియదు. దానికి యంత్రములు కావలయును. వెలుఁగు మార్పునకు మాత్రము కన్నే చాలును. శ్రవణమునకుఁ జెందిన మూఁడు చుక్కలలో మిక్కిలి మసకయైన దానితో ఈటాను బోల్చి చూడుఁడు. హెచ్చినపుడు ఈటా దానిని గొంచెము మించును. తగ్గినపుడు దానికంటె స్పష్టముగా వెలవెలఁబోవును.

అక్టోబరు, నవంబరు మాసముల సాయంకాలములలోఁ బ్రతిదినము పావుగంట, నాలుగు వారములపాటు, విద్యార్థుల కీ పని నియమింపవలెనని యుపాధ్యాయులను, అనుమతింపవలెనని తల్లిదండ్రులను గోరుచున్నాము. చూచినదే వ్రాయవలెను; మబ్బు క్రమ్మిననాఁడు "మబ్బు" అని వ్రాయవలెను. ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాసిన లెక్క యీ చుక్కయెదుట నిలువదు. చూడనిదానిని జూచితినని వ్రాయకుండుట నేర్చిన బాలుఁడు, చుక్కలు లెక్కపెట్టినను, కాలము వ్యర్థపుచ్చినవాఁడు కాఁడు.