జీవలిపి లెక్కలు – ఆడుబిడ్డల పరిశోధన



నలోపాఖ్యానము మనమందఱము విన్నదే. ఋతుపర్ణ మహారాజు రథముపై బోవుచు దారిలోని తాండ్రచెట్టును జూచి, ఆకు లిన్ని, కాయ లిన్ని యని చెప్పెను. నలుడు రథము నాపి యెన్ని చూడగా లెక్క సరిపోయెను. ఒక్కొక్కటి యెన్నకయే యంచనా గట్టు నట్టి విద్యను నేడు సాంఖ్యకశాస్త్ర మందురు. దానిని రోగములకును, ఔషధములకును వినియోగించుట జీవసాంఖ్యకము. జీవకణములలోని లిపిని కంప్యూటరుతో జదువుట బయోఇన్ఫర్మాటిక్సు. మానవుని జీవలిపికి వర్ణములు నాలుగే. ఆ నాలుగింటితో వ్రాయబడిన యక్షరములు మాత్రము ఇంచుమించు 300 కోట్లు!

ఈ విద్యకు బునాది వేసినవారిలో నొక తల్లి గలదు. అమెరికాలో 1925లో జన్మించిన మార్గరెట్ డేహాఫ్ 1948లో కొలంబియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందెను. ఇద్దఱు కుమార్తెలను బెంచుటకై కొన్నియేండ్లు పరిశోధన మానెను. 1957లో మేరీలాండు విశ్వవిద్యాలయమున పరిశోధకవేతనముపై మరల బనిలో జేరెను. 1965లో, అంతవఱకు దెలిసిన ప్రోటీనుల క్రమములను సహకారులతో గూడి గ్రంథరూపమున బ్రకటించెను. ఎమైనో ఆమ్లముల కొక్కొక్క యక్షరమును సంకేతముగా నేర్పఱచినదియు నామెయే. 1983లో గాలధర్మము నొందెను.

పీహెచ్‌డీ పట్టముతో జదువు ముగిసినదని మన మనుకొందుము. పరిశోధకులకు నిజమైన పరీక్ష యపుడే మొదలగును. రెండు మూడేండ్లు, ఒక్కొకప్పుడంతకంటె నెక్కువకాలము, పెద్ద శాస్త్రజ్ఞుని యొద్ద గడువుగల వేతనముపై బనిచేయవలెను. దీనినే పోస్టుడాక్టరల్ పరిశోధన యందురు. అది స్థిరోద్యోగము గాదు. కాని స్వంత ప్రశ్న నెన్నుకొని, స్వంత వ్యాసములు ప్రకటించి, స్వతంత్రురాలని పేరుదెచ్చుకొనునది యీ కాలముననే. హైదరాబాదు సీ.సీ.ఎం.బి. వంటి సంస్థలలో నిట్టివా రెందఱో గలరు.

చిక్కేమనగా, వివాహమునకును బ్రసూతికిని వచ్చు కాలము నదియే. నే నెఱిగిన యొక యింట గుమార్తెకు విదేశమున నిట్టి యవకాశము వచ్చినపుడు, “జీతము స్వల్పము, కొలువు నిలుకడలేనిది” యని పెద్దలు వలదనిరి. ఆ యింటనే కుమారునికి వచ్చినపుడు, “రెండేండ్లేగదా, ఓర్చుకొందము” అనిరి. కొలువు రెంటను నొక్కటియే. ఓర్పు మాత్రము వేఱు.

ఈ శాస్త్రమున బని చాలవఱకు కంప్యూటరుపైననే జరుగును గావున, శిశువుగల తల్లికి గొంత వెసులుబాటు గలదు. అంతమాత్రమున వంట ముగిసినపిదప దీరికగా జేయు పని యని తలపరాదు; ఏకాంతమును, నిరంతరాయమైన కాలమును గావలయును. చేరుటకు ముందే గడువెంత, వేతన మెంత, ప్రసూతి సెలవు గలదా, వ్యాసముపై నెవరి పేరు ముందుండును అని వ్రాతమూలముగ నడిగి తెలిసికొనవలెను. నడుమ విరామము వచ్చినవారు నిరాశపడ బనిలేదు. కేంద్రప్రభుత్వ శాస్త్రసాంకేతికశాఖ యట్టి స్త్రీలకై ప్రత్యేక పథకములు నడుపుచున్నది.

కన్యకు సంబంధము చూచునపుడు కట్నకానుకల మాట గట్టిపెట్టి, యీ రెండుమూడేండ్ల మాట ముందుగా మాటాడుకొనుడు. వియ్యాలవారు సరే యన్న తరువాతనే తాంబూలములు పుచ్చుకొనుడు.