చిగుర్‌కూ ఒక మౌసమ్ కార్డు కావాలి

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి జర్మనీ హోటళ్ళలో మామూలు మెనూ పక్కన ఇంకో కార్డు చేరుతుంది. అందులో ఉండేవన్నీ ష్పార్గెల్ వంటకాలే. ష్పార్గెల్ అంటే తెల్ల ఆస్పరాగస్. ఎండ తగలకుండా మట్టి కట్టల కింద పెంచుతారు కాబట్టి కాడ తెల్లగా ఉంటుంది. జూన్ 24 వస్తే కోత ఆపేస్తారు, మొక్క వచ్చే ఏడాదికి తాకత్ కూడగట్టుకోవాలని. ఒక తర్కారీకి ఇంత ఇజ్జత్! (నడుం వంచి కోసేది మాత్రం ఎక్కువగా పోలండ్, రొమేనియాల నుంచి వచ్చే కూలీలు. ఆ సంగతి కార్డు మీద ఉండదు.)

మాదాపూర్ ఆఫీసు నుంచి ప్రాజెక్టు మీద వెళ్ళిన నా మేనల్లుడు దాన్ని ఓ రాట్స్‌కెల్లర్‌లో తిన్నాడు. పాత టౌన్‌హాళ్ళ కింద నేలమాళిగల్లో ఉండే హోటళ్ళను అలా అంటారు. బ్రెమెన్ నగరంలోనిది 1405 నాటిది. ష్పార్గెల్‌తో పాటు పంది మాంసం ముక్కలు పెట్టడం అక్కడి రివాజు, హోలండేజ్ సాస్‌లో కొందరు వైన్ కూడా కలుపుతారు. మనవాడు రెండూ వద్దని చెప్పి, కరిగించిన వెన్న, ఉడికించిన ఆలుగడ్డలతో తెప్పించుకున్నాడు. ఫోన్లో ఒకటే తారీఫ్: "మామూ, మసాలా లేదు, గోష్ లేదు, ఉత్త కాడలు! అయినా హోటల్ నిండా జనం."

సంతోషమే. నా షికాయత్ ష్పార్గెల్ మీద కాదు, మన హోటళ్ళ మీద.

మార్చి నెలాఖరు నుంచి మన దగ్గర చింతచెట్లు చిగురిస్తాయి. చిగుర్ గోష్ వండని హైదరాబాదీ ముస్లిం ఇల్లు మొన్నమొన్నటిదాకా అరుదు. గోష్ మెత్తగా ఉడికాక, అరచేతుల మధ్య నలిపి పుల్లలు ఏరేసిన చిగురు చివర్లో వేస్తారు. వేరే పులుపు అక్కర్లేదు. కొన్ని వారాలే ఆ లజ్జత్, తర్వాత ఆకు ముదిరిపోతుంది.

ఆ పేరు చూడండి. ఉర్దూ మీడియం బడిలో లేత ఆకును 'కోంపల్' అని చదివాం. ఇంట్లో అమ్మీ నోట అది ఎప్పుడూ 'చిగుర్'. అచ్చ తెలుగు మాట మన దక్కనీలోకి నడిచొచ్చి దస్తర్‌ఖాన్ మీద కూర్చుంది. మీరు తెలుగువాళ్ళా, ముస్లింలా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ తగులుతుంటారు. వాళ్ళతో బహస్ కంటే ఒక ప్లేటు చిగుర్ గోష్ మేలు.

కానీ ఆ ప్లేటు ఎక్కడ? పాత నగరంలో పేరు తెచ్చుకుని హైటెక్ సిటీ వైపు బ్రాంచి తెరిచిన ఒక హోటల్లో మొన్న ఏప్రిల్‌లో అడిగాను. "ఘర్ కా సాలన్ హై సాబ్, హోటల్ మే కౌన్ ఖాతా?" అన్నాడు వెయిటర్. మెనూలో మాత్రం చైనీస్ నూడుల్స్ రెండు పేజీలు.

ఇంటి సాలన్ నిజమే. కానీ ఇంట్లో చిగురు నలిపే ఫుర్సత్ ఎవరికుంది? కొండాపూర్, మణికొండ ఫ్లాట్లలో భార్యాభర్తలిద్దరూ షిఫ్టుల మీద ఉంటే, నానీమా ఊళ్ళో ఉంటే, పిల్లలకు చిగుర్ రుచి తెలిసేదెలా? ష్పార్గెల్ తొక్క తీయడమూ మెహనత్ పనే, అది హోటల్ పెట్టుకుంటుంది కాబట్టే జనం వెళ్తారు.

చిగురు ఖరీదన్నది హోటళ్ళ జవాబు. మొదట్లో కిలో ధర చికెన్‌ను దాటే మాట వాస్తవమే. మరి గంటలకొద్దీ గోటా కొట్టి చేసే హలీమ్ చవకా? రంజాన్ వస్తే గచ్చిబౌలిలో కూడా భట్టీలు లేస్తాయి, మజహబ్‌తో పని లేకుండా ఐటీ జనమంతా క్యూ కడతారు. 2010లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మౌసమ్ వంటకు గిరాకీ ఉండదన్న మాట ఇక్కడ చెల్లదు.

ఏప్రిల్‌లో నాలుగు జుమాలు చాలు. ముందురోజు ఆర్డర్ ఇచ్చినవాళ్ళకే వండండి, మిగిలిపోతుందన్న ఫికర్ ఉండదు. బయట బోర్డు మీద 'టామరిండ్ లీఫ్ మటన్' అని మాత్రం రాయకండి. చిగుర్ గోష్ అనే రాయండి.