అన్నం పెట్టకపోవడం కూడా దయే

మనలో చాలామంది అమెరికా కాపురం అపార్ట్‌మెంట్లో మొదలుపెట్టినవాళ్ళమే. పిల్లలు పుట్టాక టౌన్‌హౌస్, వాళ్ళు స్కూలుకెళ్ళే వయసొచ్చాక సొంత ఇల్లు, ఆ తర్వాత "ఇంకొంచెం పెద్ద యార్డ్ ఉంటే బాగుండు" అనే కోరిక. అలా ఎడిసన్ వైపు నుంచి జరుగుతూ జరుగుతూ మన న్యూజెర్సీలోనే మోరిస్, పసేక్, ససెక్స్ కౌంటీల అడవి అంచులకు చేరుకున్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు తక్కువేం కాదు. ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగ్ చూస్తాం, టాక్సులు చూస్తాం, తూర్పు వాకిలా కాదా అని మరీ చూస్తాం. పెరటి వెనక ఉండే పొరుగువారి సంగతి మాత్రం ఏ రియల్టరూ చెప్పడు. ఆ పొరుగువారు నల్ల ఎలుగుబంట్లు.

నిజానికి ఇక్కడ పాతకాపులు అవే. అడవులు నరికి పొలాలు చేయడం వల్లా, వేట వల్లా గత శతాబ్దం మధ్యకొచ్చేసరికి న్యూజెర్సీలో వంద ఎలుగులైనా మిగల్లేదు. 1971లో వేట ఆపేశారు. వదిలేసిన పొలాలు మళ్ళీ అడవులయ్యాయి, ఎలుగులూ పెరిగాయి. 2003లో వేట మళ్ళీ తెరిచారు. ఆ తర్వాత మూయడం, తెరవడం, కోర్టులు, ధర్నాలు మామూలైపోయాయి. 2020 తర్వాత ఆగిన వేట 2022 డిసెంబరులో తిరిగి మొదలైంది. అప్పటికి రాష్ట్రంలో సుమారు మూడు వేల ఎలుగులు ఉన్నాయని అధికారుల అంచనా. మొత్తం 21 కౌంటీల్లోనూ ఇవి కనిపించాయి. వేట ఉండాలా వద్దా అని మన విందుల్లో కూడా వాదించుకుంటాం. ఆ వాదన ఎటు తేలినా, మన గుమ్మం ముందున్న చెత్తడబ్బా సంగతి మనమే చూసుకోవాలి.

మా టౌన్‌లో కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన రోజూ మిగిలిన అన్నం, మగ్గిన అరటిపళ్ళు యార్డ్ చివర పెట్టేవారు. "పారేస్తే పాపం కదా బాబూ, ఏ పక్షో ఉడతో తింటుంది" అన్నారు నాతో. ఆయన మాటలో తప్పు వెతకడం కష్టం. చీమలు తింటాయని బియ్యప్పిండితో ముగ్గు పెట్టే ఇళ్ళలో, కాకికి ముద్ద పెట్టాకే భోంచేసే ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. కొన్నాళ్ళకు రెండు పిల్లలతో ఒక తల్లి ఎలుగు వచ్చింది. ఆయన ఎంతో సంబరపడ్డారు. మరుసటి నెలలో అదే ఎలుగు పక్కింటి స్క్రీన్ డోర్ చింపి వంటింట్లోకి తల పెట్టింది. ఆ ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. అదృష్టవశాత్తూ ఆ సమయానికి పాప మేడ మీద ఉంది.

ఇళ్ళలోకి చొరబడే ఎలుగుల్ని న్యూజెర్సీలో మొదటి తరగతి కింద, అంటే ప్రమాదకరమైనవిగా లెక్కగట్టి చంపేస్తారు. ఆ తల్లి ఎలుగు ఏమైందో పెద్దాయనకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

దాన్ని దూరంగా తీసుకెళ్ళి వదిలేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. దూరంగా వదిలినా ఎలుగులు తిరిగొచ్చేస్తాయి, లేదా వదిలిన చోట ఇంకొకరి డెక్ వెతుక్కుంటాయి. పైగా పిల్లలు ఏడాదిన్నర దాకా తల్లి వెంటే తిరిగి ఆహారం ఎక్కడ దొరుకుతుందో నేర్చుకుంటాయి. ఈ రోజు మనం తల్లికి పెట్టిన ముద్ద రేపు పిల్లల ప్రాణం మీదకు తెస్తుంది. అందుకే ఇక్కడ ఎలుగులకు తిండి పెట్టడం చట్టరీత్యా నేరం. వెయ్యి డాలర్ల దాకా జరిమానా ఉంది. నా దృష్టిలో జరిమానా కన్నా ముఖ్యం ధర్మం. ఆకలిగా ఉన్న ప్రాణికి పెట్టడం దయ. అడవిలో తన తిండి తాను వెతుక్కోగల ప్రాణిని మన గుమ్మానికి అలవాటు చేసి చావుకు అప్పగించడాన్ని దయ అనలేం.

పెట్టడమంటే చేత్తో పెట్టడమే అనుకోకూడదు. శీతాకాలపు నిద్రకు ముందు ఎలుగు రోజుకు 20,000 కేలరీల దాకా తింటుంది. దాని ముక్కు మహా చురుకు. మన ఇళ్ళను దాని ముక్కుతో ఒకసారి చూడండి. వేపుళ్ళ కోసం గరాజ్‌లో పెట్టిన రెండో స్టవ్, తలుపు సగం ఎత్తి చేసే చేపల పులుసు, పూజయ్యాక బయట పడేసిన కొబ్బరిచిప్పలు, పార్టీ మర్నాటి దాకా కడగని గ్రిల్, ముందురోజు రాత్రే రోడ్డు మీద పెట్టిన చెత్త. ఇవన్నీ పిలుపులే! చెత్త తీసుకెళ్ళే రోజు ఉదయమే డబ్బా బయట పెట్టాలి. ఎలుగు తెరవలేని మూత ఉన్న డబ్బా కొనుక్కుంటే ఇంకా మంచిది. ఎలుగులు తిరిగే కాలంలో పక్షుల గింజలు తీసేయాలి. గ్రిల్ వాడిన రోజే కడగాలి. ఎలుగు కనిపిస్తే పక్కింటివాళ్ళకు చెప్పాలి. వీధిలో తొమ్మిదిళ్ళు జాగ్రత్తపడి పదో ఇల్లు పట్టించుకోకపోతే అందరి శ్రమా వృథాయే.

మాది శ్రీకాకుళం జిల్లా. ఉద్దానం జీడితోటల్లోకి, పనసతోటల్లోకి ఎలుగులు రావడం అక్కడ చాలాకాలంగా ఉన్నదే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయాడు, మర్నాడు మరికొందరు గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు. అక్కడి ఎలుగు జాతి వేరు, కోపం ఎక్కువ. తెల్లవారకముందే తోటకు వెళ్ళక తప్పని రైతుకు దాన్ని తప్పించుకునే వీలు తక్కువ. మనకు ఆ ఇబ్బంది లేదు. మంచి మూత ఉన్న డబ్బాకు రెండు మూడు వందల డాలర్లు పెట్టగలం. కాబట్టి అశ్రద్ధకు మన దగ్గర సాకు లేదు.

చివరగా మన బడి గురించి. చిన్న తరగతుల్లో ఇద్దరు స్నేహితులు, ఎలుగుబంటి కథ చెబుతాం. ఒకడు చెట్టెక్కుతాడు, రెండోవాడు ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకుంటాడు. స్నేహం గురించి చెప్పే నీతి మంచిదే కానీ, ఇక్కడి పిల్లలకు ఆ ఉపాయాలు రెండూ పనికిరావు. నల్ల ఎలుగు మనకన్నా వేగంగా చెట్టెక్కుతుంది. దాని ముందు చచ్చినట్టు పడుకోకూడదని అధికారులు స్పష్టంగా చెబుతారు. 2014 సెప్టెంబరులో వెస్ట్ మిల్‌ఫర్డ్ అడవిలో ఎలుగు వెంటపడితే ఐదుగురు కుర్రాళ్ళు తలో దిక్కుకూ పరుగెత్తారు. ఒక విద్యార్థి తిరిగి రాలేదు. ఈ రాష్ట్రంలో ఎలుగు దాడిలో మనిషి చనిపోవడం నమోదైనది అదే మొదటిసారి. అలాంటివి చాలా అరుదు, భయపడి ఇల్లు అమ్ముకోనక్కర్లేదు. కానీ పిల్లలకు సరైన మాట తెలియాలి. పరుగెత్తకూడదు. అందరూ ఒకచోట నిలబడి గట్టిగా అరవాలి, చప్పుడు చేయాలి. ఎలుగు పారిపోవడానికి దారి వదిలి, మెల్లగా వెనక్కి నడవాలి. మీద పడితే మాత్రం చేతికందినదానితో ఎదురు తిరగాలి.

వచ్చే ఏడాది ఆ కథ చెప్పే టీచర్లందరికీ నా మనవి ఒక్కటే. నీతి చెప్పాక ఈ నాలుగు మాటలూ కలపండి. ఇంటికెళ్ళి తాతయ్యకు, అమ్మమ్మకు కూడా చెప్పమనండి. మనం చెబితే వినని పెద్దలు మనవలు చెబితే వింటారు.