పందెంల బండకు టేపు వెడ్తం.. మరి ఊరి గాలికి, నీళ్లకు?

శివరాత్రికి మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి జాతరకు వోయినోళ్లకు ఎద్దుల బండ పందెం ఎట్లుంటదో చెప్పాల్సిన పన్లేదు. జత ఎద్దులు బండ గుంజుతయ్. ఇచ్చిన టైముల ఎన్ని అడుగులు గుంజినయో టేపు వెట్టి కొలుస్తరు. కొలిచింది అందరి ముంగట మైకుల చెప్తరు. ఒక్క అడుగు తక్కువ చెప్పినా జనం ఊకోరు, గోల గోల జేస్తరు. అందుకే ఆ లెక్క మీద నమ్మకం.

అదే ఊర్ల పోయిన నెల గాలిల దుమ్ము ఎంతున్నది, నల్లా నీళ్లల్ల ఏమున్నది, మూడేండ్ల కింద వెట్టిన మొక్కలు ఎన్ని బతికినయ్ అని అడుగుండ్రి. మైకుల చెప్పెటోడు ఒక్కడు దొరకడు. లెక్కలు లేక కాదు. కుప్పలు కుప్పలున్నయ్. ఆన్‌లైన్‌ల ఉన్నయ్, హైదరాబాద్‌ల ఉన్నయ్, ఢిల్లీల ఉన్నయ్. ఊర్లనే లేవు.

మార్కులు వచ్చినయ్, మాట రాలే

మేళ్లచెరువు మున్సిపాలిటీ కాదు, పంచాయతీ. పేరుకు పంచాయతీ గని పని జూస్తే చిన్న పట్నం లెక్కనే. మండల కేంద్రం, చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంట్ ఫ్యాక్టరీలు, రాత్రీ పగలూ లారీలు. మేళ్లచెరువు, మఠంపల్లి, హుజూర్‌నగర్ దిక్కు భూమి కిందంత సున్నపురాయే. కృష్ణ నది పక్కనే. రాయి, నీళ్లు ఒక్క తాన దొరికితే సిమెంట్ కంపెనీలు రాకుంట ఉంటయా? వచ్చినయ్. కొలువులు ఇచ్చినయ్, లారీలకు కిరాయిలు ఇచ్చినయ్. అది కాదనేది లేదు.

ఇగ కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఊర్లకు మార్కులు ఏసుడు షురూ జేసింది. పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్ అని దాని పేరు. పేదరికం, ఆరోగ్యం, పిల్లలు, నీళ్లు, పచ్చదనం-పరిశుభ్రత, మౌలిక వసతులు, సామాజిక న్యాయం, పాలన, ఆడోళ్ల బాగు.. గిట్ల తొమ్మిది అంశాలు, 435 సూచికలు. 2022-23 లెక్కలతోని తయారుజేసిన మొదటి రిపోర్టు 2025 ఏప్రిల్‌ల బయటకొచ్చింది. దేశంల 2 లక్షల 16 వేలకు పైన పంచాయతీలను లెక్కగడితే, 90 మార్కులు దాటిన ఊరు ఒక్కటి గూడ లేదు. 75 నుంచి 90 నడుమ వచ్చినయి 699. అండ్ల గుజరాత్‌వి 346, తెలంగాణవి 270. అంటే దేశంల మనం రెండో నంబరు.

సంబురపడాల్సిందే. గని ఒక్క ముచ్చట ఆలోచించాలె. ఈ మార్కులకు వివరాలు ఇచ్చేది పంచాయతీ, ఇంకా వేరే వేరే శాఖలు. అండ్ల ‘ఉన్నదా, లేదా’ అనే లెక్కలు గూడ ఉన్నయ్. మరుగుదొడ్డి ఉన్నదా? ఉన్నది. చెత్త బండి ఉన్నదా? ఉన్నది. నర్సరీ ఉన్నదా? ఉన్నది. టిక్కు, టిక్కు, టిక్కు. బండి ఉంటే ఒక మార్కు వస్తది. ఆ బండి ఇంటింటికి వస్తున్నదా, తెచ్చిన చెత్త యాడ పోస్తున్నది అనేది ఊరోళ్లకే ఎరుక. సామాను లెక్కవెట్టుడు వేరు, బాగు లెక్కవెట్టుడు వేరు.

ఫ్లోరైడ్ నేర్పిన పాఠం

ఈ తేడా మన నల్గొండోళ్లకు కొత్త కాదు. నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంత ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తేర్చే ఆ పద్ధతిని నాగ్‌పూర్‌ల ఉండే నీరి సంస్థోళ్లు తయారుజేసిన్రు. జిల్లా పేరు గట్ల పుస్తకాలకెక్కింది గని జిల్లల నడుములు మాత్రం ఏండ్లకేండ్లు వంగుకుంటనే పోయినయ్.

మిషన్ భగీరథ వచ్చినంక సంగతి మారింది. రాష్ట్రం వచ్చినప్పుడు 967 ఫ్లోరైడ్ ఊర్లుంటే, 2020 నాటికి ఆ లెక్క సున్నా అయిందని ప్రభుత్వం చెప్పింది. ఇది చిన్న పని కాదు, ఒప్పుకోవాలె. గని ఆ సున్నాకు అర్థం ఏంది? ఆ ఊరికి శుద్ధి చేసిన నది నీళ్లు అందుతున్నయ్ అని. భూమిల ఫ్లోరైడ్ మాయమైందని కాదు. పైపు పలిగి నాల్గు దినాలు నల్లా రాకపోతే, జనం మళ్ల బోరు కాడికే పోతరు. ఆ బోరుల ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల లోపలున్నదా, మీద ఉన్నదా? ఆ నాల్గు దినాల లెక్క సున్నాల కనవడదు.

అందుకే అంకె చెప్తే సరిపోదు. దేన్ని కొలిచిన్రు, యాడ కొలిచిన్రు, ఎన్ని దినాలకోసారి కొలిచిన్రు అనేది గూడ చెప్పాలె.

దుమ్ము లెక్క ఎవరి చేతుల ఉన్నది?

ఇగ గాలి దగ్గరికొద్దాం. పంచాయతీ సెక్రటరీ చేతుల ఊడ్చిన వాడల లెక్క ఉంటది, వెట్టిన మొక్కల లెక్క ఉంటది. గాలి లెక్క ఉండదు. అది కాలుష్య నియంత్రణ మండలిది, కంపెనీలది. సిమెంట్ ఫ్యాక్టరీ పొగగొట్టాలకు ఎప్పుడూ నడిచే మీటర్లు వెట్టి, ఆ లెక్క బోర్డుకు ఆన్‌లైన్‌ల పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లనే చెప్పింది.

గాలికి దేశమంత ఒక్కటే కొలత. పీఎం 10 అనే సన్న దుమ్ము ఘనపు మీటరుకు 24 గంటల సగటున 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటున 60 దాటొద్దు. ఇండ్ల ఒక కిటుకున్నది, సమజ్ చేసుకోవాలె. 24 గంటల సగటంటే, రాత్రి రెండు గంటలు కండ్లు మండేటంత దుమ్ము లేసినా, మిగిలిన 22 గంటలు తక్కువుంటే సగటు ‘బాగనే’ వస్తది. కాగితం అబద్ధం చెప్పినట్టు కాదు, పొద్దుగాల వాకిట్ల దుమ్ము ఊడ్చిన ఆమె చెప్పింది అబద్ధమూ కాదు. ఇద్దరు చెప్పేది వేరే వేరే గంటల ముచ్చట. గంట గంట లెక్క బయటవెడితేనే ఈ పంచాయితీ తెగుతది.

ఇంకొక హక్కు ఉన్నది, చానా మందికి ఎరుక లేదు. పర్యావరణ అనుమతి తీసుకున్న కంపెనీ షరతులు ఎట్ల పాటిస్తున్నదో ఆర్నెల్లకోసారి రిపోర్టు ఇయ్యాలె. జూన్ 1కి ఒకటి, డిసెంబర్ 1కి ఒకటి. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం అది పబ్లిక్ కాగితం. అర్జీ వెట్టి అడిగినోళ్లకు ఇయ్యాల్సిందే. ఆ కాగితాన్ని గ్రామసభల సదివితే ఎవరు ఆపుతరు? ఎవరూ ఆపరు. అడిగెటోళ్లే కావాలె.

మిషన్ ఊర్లకు వస్తే ఏమైతది?

2020 జనవరి యాదికుందా? చింతలపాలెం, మేళ్లచెరువు దిక్కు భూమి అదిరి, జనం రాత్రిళ్లు ఇండ్ల బయట పండుకున్నరు. జనవరి 26న వచ్చిన కదలిక తీవ్రత 4.6. పులిచింతల నీళ్ల వల్లనా, క్వారీల పేలుళ్ల వల్లనా అని ఊరికో మాట. అప్పుడు హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు వచ్చి ఈడ కొలిచే మిషన్లు వెట్టిన్రు. మనిషికి తెల్వని చిన్న చిన్న కదలికలు గూడ వందల్ల లెక్కకొచ్చినయ్. భూమి అదురుడు మిషన్‌తోని ఆగలే. గని పుకార్ల జాగల మాట్లాడనీకి ఒక లెక్క దొరికింది.

భూమి అదిరితే వచ్చిన మిషన్, గాలి కోసం ఎందుకు రావొద్దు?

బస్తాకు రూపాయి 80 పైసలు

పైసల ముచ్చట గూడ లెక్కలనే ఉండాలె. సిమెంట్‌కు వాడే సున్నపురాయి మీద టన్నుకు 80 రూపాయల రాయల్టీ. పాత లీజులైతే ఆ రాయల్టీల 30 శాతం, అంటే టన్నుకు 24 రూపాయలు, జిల్లా మినరల్ ఫౌండేషన్‌కు కట్టాలె. 2015ల వచ్చిన చట్ట సవరణ ఇది. టన్ను సిమెంట్‌కు సుమారు టన్నున్నర రాయి పడ్తదనుకుంటే, 50 కిలోల బస్తాకు 75 కిలోల రాయి. అంటే బస్తాకు రూపాయి 80 పైసల దాక గనుల ఊర్ల బాగు కోసం జమైతది. అండ్ల కనీసం 60 శాతం తాగునీళ్లు, ఆరోగ్యం, పర్యావరణం, సదువు లాంటి పనులకే వెట్టాలని 2015ల కేంద్రం రూలు వెట్టింది.

మరి ఈ ఏడు మన ఊరి రాయి మీద ఎంత జమైంది, మన ఊరికి ఎంత తిరిగొచ్చింది? ఈ రెండు అంకెలు పక్క పక్కన రాసిన గోడ మేళ్లచెరువుల ఉండాలె.

దూరం పోవుడెందుకు, సూర్యాపేటనే జూడుండ్రి

లెక్క పక్కాగ ఉంటే ఏమైతదో చెప్పనీకి విదేశాల ముచ్చట్లు అవసరం లేదు. 2000ల మొదట్ల సూర్యాపేట మున్సిపాలిటీ తడి చెత్త, పొడి చెత్త ఇంటికాడనే ఏరువెట్టి, తడి చెత్తను వానపాముల ఎరువు జేసి, పొడి చెత్త అమ్మి దేశమంత పేరు దెచ్చుకున్నది. లక్షకు అటిటు జనం ఉన్న ఊరు అది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చి జూసిపోయిన్రు. ‘చెత్త బండి ఉన్నదా’ దగ్గరనే ఆగలే వాళ్లు. ‘చెత్త యాడికి వోతున్నది’ దాక పోయిన్రు.

గోడ మీద ఏడు అంకెలు

435 సూచికలు ఢిల్లీకి పోనియ్యుండ్రి. ఊరికి ఏడు చాలు. పంచాయతీ ఆఫీసు గోడ మీద నెల నెలా రాయాలె:

పోయిన నెల పీఎం 10 వంద దాటిన దినాలు ఎన్ని, రాత్రి పూట అన్నిటికన్న ఎక్కువ ఎంత వచ్చింది. ఎన్ని నల్లాలు, బోర్లు పరీక్ష జేసిన్రు, ఎన్ని ఫెయిలైనయ్. మూడేండ్ల కింద వెట్టిన మొక్కలల్ల ఇయ్యాల బతికున్నయి ఎన్ని. దగ్గు, దమ్ముతోని సర్కారు దవాఖానకు వచ్చినోళ్లు ఎందరు, పేర్లొద్దు, అంకె చాలు. ఊరి రోడ్ల మీద యాక్సిడెంట్లు ఎన్ని. చెత్త ఏరువెట్టి ఇచ్చిన ఇండ్లు ఎన్ని. మినరల్ ఫండ్ ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది.

సెక్రటరీల మీద ఇప్పటికే యాప్‌ల బరువు ఎక్కువున్నది, మళ్ల కొత్త పనా అని అడగొచ్చు. న్యాయమైన మాటే. గని ఇండ్ల చానా అంకెలు ఇప్పటికే ఏదో ఒక ఆఫీసుల ఉన్నయ్. కొత్తగ కొలిచేది తక్కువ, బయటవెట్టేదే ఎక్కువ. నీళ్ల పరీక్షకైతే ఊరికి ఐదుగురు ఆడోళ్లకు కిట్ల మీద శిక్షణ ఇయ్యాలని జల్ జీవన్ మిషన్‌లనే ఉన్నది.

ఇట్లయితే కంపెనీల మీద పడ్డట్టు కాదా అని ఇంకొందరంటరు. కాదు. రూలు పాటించే కంపెనీకి గోడ మీది లెక్క మంచి సర్టిఫికెట్. పాటించనోళ్లకే దానితోని కష్టం.

2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాక ఊర్లల్ల సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎవరిని అడగాలె అనేటోళ్లకు ఒక సాకు ఉండె. ఇప్పుడు గెలిచినోళ్లు కుర్చీల ఉన్నరు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ వెట్టాలె. వచ్చే సభల ఎవరో ఒకరు లేసి, ‘ఆ ఏడు అంకెలు ఏవి?’ అని అడిగితే చాలు, పని షురూ అయితది.

శివరాత్రి జాతరల పట్టుకునే మైకు ఊర్లనే ఉన్నది, టేపు ఊర్లనే ఉన్నది. ఎద్దు ఎన్ని అడుగులు గుంజిందో దాపకుంట చెప్పే అలవాటు గూడ మనదే. పోరగాండ్లు పీల్చే గాలికి ఆ టేపు వెట్టుడే తరువాయి.